ఆయిల్ బావి మీద పన్ను పెంచితే బడికి ఎంత చేరుతుంది? ఓక్లహోమా లెక్క

అడిగిన ప్రశ్నలు మూడు. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో ఆయిల్, గ్యాస్ మీద పన్ను ఇంకా పెంచి స్కూళ్ళకిస్తే టీచర్ల కొరత తీరదా? పెంచితే కంపెనీలు టెక్సాస్‌కి వెళ్ళిపోతాయన్నది నిజమేనా? 2018లో పెంచారు కదా, ఆ డబ్బు ఎటు పోయింది?

మూడో ప్రశ్న నుంచి మొదలుపెడతాను. అది తేలితే మిగతా రెండూ సగం తేలినట్టే. దానికి ముందు ఒక చిక్కు విడదీయాలి. పెట్రోల్ మీద పన్ను అనగానే మనకు బంకులో కట్టే వ్యాట్ గుర్తొస్తుంది. ఇక్కడి గొడవ దాని గురించి కాదు. బావి నుంచి బయటికొచ్చిన ముడిచమురు, గ్యాస్ అమ్మకం విలువ మీద రాష్ట్రం వేసే పన్ను ఇది. పేరు గ్రాస్ ప్రొడక్షన్ టాక్స్, వాడుకలో జీపీటీ. ఇది లాభం మీద పన్ను కాదు, అమ్మకం మీద పన్ను. కంపెనీకి నష్టం వచ్చినా కట్టాల్సిందే. ఇంకో సంగతి, ఓక్లహోమాలో ఈ పన్ను కడితే బావికీ దాని సామగ్రికీ స్థానిక ఆస్తిపన్ను ఉండదు. ఈ ఒక్క ముక్క వదిలేసి పక్క రాష్ట్రాల రేట్లతో పోలిస్తే లెక్కంతా తప్పుతుంది. దానికి మళ్ళీ వస్తాను.

జీపీటీ అసలు రేటు 7%. అయితే కొత్త బావులకు రాయితీ ఉంది. నిలువుగా దిగి, రాతిపొరలో అడ్డంగా మైలు, రెండు మైళ్ళు పోయే హారిజాంటల్ బావి 1990ల్లో ఇంకా ప్రయోగమే. ధైర్యం చేసి తవ్వేవాళ్ళకు ప్రోత్సాహంగా రేటు తగ్గించారు. తర్వాత అది మొదటి 48 నెలలకు 1%గా స్థిరపడింది. 2010 దాటేసరికి ఆ ప్రయోగమే మామూలు పద్ధతైపోయింది, కొత్తగా తవ్వేవాటిలో ఎక్కువ భాగం అవే. రాయితీ గడువు 2015లో తీరబోతుంటే 2014లో శాసనసభ ఇంకో చట్టం చేసింది: కొత్త బావి ఏదైనా సరే మొదటి 36 నెలలు 2%, ఆ తర్వాత 7%. ఆ 2%నే 2018లో 5% చేశారు.

వాదనలన్నీ 2, 5, 7 అనే అంకెల చుట్టూ తిరుగుతాయి గానీ అసలు కిటుకు 36 అన్న అంకెలో ఉంది. షేల్ అనే రాతిపొరలో తవ్వే ఈ అడ్డ బావి మన ఊరి నీళ్ళ బావి లాంటిది కాదు. మొదటి ఏడాది పొంగుతుంది, రెండో ఏడాదికి సగానికి పైగా పడిపోతుంది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి సన్నగా కారుతుంది. ఒక ఊహా బావిని తీసుకుందాం. మొదటి ఏడాది లక్ష బ్యారెళ్ళు, రెండో ఏడాది 40 వేలు, మూడో ఏడాది 25 వేలు, ఆ తర్వాత మిగిలిన జీవితకాలమంతా కలిపి 85 వేలు. మొత్తం రెండున్నర లక్షలు. బ్యారెల్ 60 డాలర్లనుకుంటే మొత్తం అమ్మకం కోటీ 50 లక్షల డాలర్లు. అందులో 99 లక్షలు మొదటి మూడేళ్ళలోనే వచ్చేశాయి.

పాత పద్ధతిలో ఆ 99 లక్షల మీద 2% అంటే లక్షా 98 వేలు. మిగిలిన 51 లక్షల మీద 7% అంటే 3 లక్షల 57 వేలు. కలిపితే 5 లక్షల 55 వేలు, అంటే అసలు పడిన రేటు 3.7% మాత్రమే. చట్టంలో 7 అని రాసి ఉన్నా చేతికొచ్చింది దాదాపు సగం. అదే మొదటి మూడేళ్ళూ 5% అయితే మొత్తం 8 లక్షల 52 వేలు, అసలు రేటు 5.7% దగ్గర. రాయితీ పూర్తిగా తీసేస్తే పదిన్నర లక్షలు. అందుకే "36 నెలలే కదా, తర్వాత 7% కడుతున్నారు కదా" అన్న మాట వినడానికి బాగుంటుంది గానీ, ఆ 7% వచ్చేనాటికి బావిలో మిగిలేది అడుగున ఉన్నదే.

ఇది తప్పని చెప్పినవాళ్ళు టీచర్లు మాత్రమే కాదు, పరిశ్రమలోనే చీలిక వచ్చింది. పాత నిలువు బావుల మీద పూర్తి 7% కడుతున్న చిన్న ఉత్పత్తిదారులు ఓక్లహోమా ఎనర్జీ ప్రొడ్యూసర్స్ అలయన్స్ పేరుతో ఒక గుంపుగా ఏర్పడి, పెద్ద కంపెనీల కొత్త బావులకూ 7% వేయమని అడిగారు. టల్సాకు చెందిన ఆయిల్ వ్యాపారి జార్జ్ కైజర్ కూడా బహిరంగంగా అదే అన్నారు. "ఆయిల్‌వాళ్ళు వర్సెస్ బడిపంతుళ్ళు" అని పత్రికలు గీసిన బొమ్మ పూర్తి బొమ్మ కాదు.

మరి పెంచడానికి అంత కాలం ఎందుకు పట్టింది? దానికి కారణం 1992లో ప్రజలు వేసుకున్న ముడి. 1990లో హౌస్ బిల్ 1017 అనే పెద్ద విద్యా సంస్కరణ, దాంతోపాటు పన్నుల పెంపు వచ్చాయి. అదీ టీచర్ల సమ్మె మధ్యనే. దానికి విరుగుడుగా రెండేళ్ళకు స్టేట్ క్వశ్చన్ 640 అనే ప్రతిపాదన ప్రజల ఓటుకొచ్చి నెగ్గింది. అప్పటి నుంచి పన్ను పెంచాలంటే రెండు సభల్లోనూ నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి, లేదంటే సార్వత్రిక ఎన్నికల్లో ప్రజల ముందు పెట్టాలి. 101 మంది ఉన్న దిగువ సభ హౌస్‌లో 76, 48 మంది ఉన్న ఎగువ సభ సెనేట్‌లో 36. తగ్గించడానికి మాత్రం మామూలు మెజారిటీ చాలు. దిగడానికి మెట్లున్నాయి, ఎక్కడానికి నిచ్చెన కూడా లేదు. 2005లో 6.65% ఉన్న ఆదాయపు పన్ను పైరేటు 2016 నాటికి 5%కి దిగింది. చివరి తగ్గింపు ముందే రాసిపెట్టుకున్న షరతు ప్రకారం, 2014 చివర్లో వేసిన ఆదాయ అంచనా ఆధారంగా దానంతట అదే అమల్లోకొచ్చింది. అమల్లోకొచ్చే సమయానికి ముడిచమురు వంద డాలర్ల నుంచి 30 కిందకు పడిపోతోంది! 2016 బడ్జెట్ కూర్చునేసరికి 130 కోట్ల డాలర్ల లోటు. దీన్ని దురదృష్టం అనలేం, షరతు రాసిన తీరులోనే లోపం ఉంది.

ఆ రెండేళ్ళలో చేసిన ప్రయత్నాలన్నీ బెడిసికొట్టాయి. 2016 నవంబరులో విద్య కోసం అమ్మకపు పన్ను ఒక సెంటు పెంచుదామన్న స్టేట్ క్వశ్చన్ 779ని 59% మంది వద్దన్నారు. 2017లో సిగరెట్ పెట్టెకు డాలరున్నర "ఫీజు" అని పేరు మార్చి మామూలు మెజారిటీతో గట్టెక్కించబోతే, అది పన్నేనని రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ నవంబరులో జీపీటీని 4%కి పెంచే బిల్లు హౌస్‌లో 71-27తో ఓడింది. అవును, 71 ఓట్లు వచ్చీ ఓడింది. 2018 ఫిబ్రవరిలో వ్యాపారవర్గాలు తెచ్చిన స్టెప్ అప్ ఓక్లహోమా పథకం 63-35 దగ్గర ఆగింది. చివరికి టీచర్లు ఏప్రిల్ 2న బడులు వదిలి సమ్మెకు బయటికొస్తామని తేదీ చెప్పాక మార్చి 26న హౌస్ 79-19తో, మార్చి 28న సెనేట్ 36-10తో హౌస్ బిల్ 1010ను ఆమోదించాయి. సెనేట్‌లో ఒక్క ఓటు తగ్గినా బిల్లు పోయేది. మర్నాడు గవర్నర్ మేరీ ఫాలిన్ సంతకం చేశారు. నాలుగింట మూడొంతుల నియమం వచ్చాక శాసనసభ పన్ను పెంచడం అదే మొదలు.

ఇప్పుడు డబ్బు ఎటు పోయిందో చూద్దాం. ఆ బిల్లు ఆయిల్ బిల్లు అని పేరు తెచ్చుకుంది గానీ అందులో నాలుగు రకాల పిండి కలిసింది: జీపీటీ 2 నుంచి 5%, సిగరెట్ పెట్టెకు డాలరు, బంకులో గ్యాలన్ పెట్రోల్‌కు 3 సెంట్లు, డీజిల్‌కు 6 సెంట్లు. ఏటా 44 కోట్ల డాలర్ల పైచిలుకు వస్తుందని అంచనా వేస్తే అందులో జీపీటీ వాటా 17 కోట్ల దగ్గర. అంటే టీచర్ల జీతం పెంపులో ఎక్కువ భాగం మోసింది సిగరెట్ తాగేవాడూ, కారు నడిపేవాడూ. పెంపు సగటున 6,100 డాలర్లు. కొత్తగా చేరే టీచరు కనీస జీతం 31,600 నుంచి 36,601కి పెరిగింది. ఖర్చు ఏటా 35 కోట్లకు పైనే. టీచర్లు అడిగిందేమో 10 వేల డాలర్ల పెంపు, సహాయక సిబ్బందికి 5 వేలు, స్కూళ్ళ నిర్వహణకు 20 కోట్లు. అందుకే బిల్లు పాసయ్యాక కూడా ఏప్రిల్ 2 నుంచి 12 దాకా బయటే ఉన్నారు. ఆ రోజుల్లో వచ్చిన అదనం ప్రధానంగా ఆన్‌లైన్ అమ్మకాల పన్ను, కాసినోల్లో బంతి, పాచికల ఆటల అనుమతి.

అసలు మెలిక జీపీటీ పంపకంలో ఉంది. పాత 2% రేటులో సగం రాష్ట్ర సాధారణ ఖాతాకు, పావు కౌంటీ (జిల్లా లాంటిది) రోడ్లకు, పావు ఆ కౌంటీ స్కూళ్ళకు వెళ్ళేది. 5% చేసినప్పుడు పంపకం 80, 10, 10గా మార్చారు. లెక్క వేసి చూడండి: 2%లో పావు అంటే అమ్మకం విలువలో 0.5%. 5%లో పదో వంతు అన్నా 0.5 శాతమే. స్థానిక స్కూలుకు నేరుగా వచ్చే వాటా పైసా కూడా పెరగలేదు. పెరిగిందంతా సాధారణ ఖాతాలో పడింది. అక్కడి నుంచి ఏటా బడ్జెట్‌లో స్కూళ్ళకు ఎంత రాస్తారో అంతే. జైళ్ళు, వైద్యం, రోడ్లు, స్కూళ్ళు అన్నీ ఒకే కుండలో చేయి పెడతాయి. ఈ అనుభవం మనకు కొత్తేమీ కాదు, 2004 నుంచి ఆదాయపు పన్ను మీద విద్యా సెస్ కడుతూనే ఉన్నాం కదా.

సరే, స్థానిక వాటానే పెంచితే? బావులున్న ఊరి స్కూలు బాగుపడుతుందా? చాలా చోట్ల బాగుపడదు. ఇది పెద్దగా ఎవరూ చెప్పని సంగతి. రాష్ట్రం ఒక ఫార్ములా ప్రకారం ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌కూ (ఒక ప్రాంతం బడులను నడిపే స్థానిక సంస్థ) పిల్లల సంఖ్యను బట్టి ఇంత రావాలని లెక్కగడుతుంది. పిల్లల్లో ప్రత్యేక అవసరాలున్నవాళ్ళకూ, పేదవాళ్ళకూ, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునేవాళ్ళకూ ఎక్కువ బరువు వేస్తారు. వచ్చిన మొత్తంలోంచి ఆ డిస్ట్రిక్ట్‌కు స్థానికంగా వచ్చే కొన్ని ఆదాయాలను తీసేసి మిగిలింది రాష్ట్రం ఇస్తుంది. ఇలా తీసేసే వాటిని చార్జబుల్స్ అంటారు. జీపీటీ వాటా, వాహనాల పన్ను వాటా, స్కూలు భూముల ఆదాయం ఆ జాబితాలోనివే. ఉదాహరణకు ఒక డిస్ట్రిక్ట్‌కు కోటి డాలర్లు రావాలి, స్థానికంగా 30 లక్షలు వస్తున్నాయి, రాష్ట్రం 70 లక్షలు ఇస్తోంది. బావుల వల్ల ఇంకో 5 లక్షలు వచ్చాయనుకోండి. రాష్ట్రం ఇచ్చేది 65 లక్షలవుతుంది. స్కూలుకు మొత్తం అదే కోటి. స్థానిక ఆదాయం మరీ ఎక్కువై రాష్ట్రం నుంచి ఈ సాయం అసలు తీసుకోని కొద్ది డిస్ట్రిక్టులకు మాత్రమే ఆ 5 లక్షలు మిగులు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. చార్జబుల్స్ కింద తీసేసేది పోయినేడాది వసూళ్ళను బట్టి. ధర బాగున్న ఏడాది తర్వాత ధర పడిపోయిన ఏడాది వస్తే, ఫార్ములా నిరుటి పెద్ద అంకెను తీసేస్తుంది, చేతికి మాత్రం ఈ ఏటి చిన్న అంకె వస్తుంది. బావులు ఎక్కువున్న పశ్చిమ ఓక్లహోమా డిస్ట్రిక్టుల సూపరింటెండెంట్లు ఏడాది చివర చేతిలో కొంత నిల్వ ఉంచుకునేది ఈ గండం గట్టెక్కడానికే. బయటివాళ్ళు ఆ నిల్వ చూసి "డబ్బుండి దాచుకుంటున్నారు" అని తిడుతుంటారు.

ఇక టెక్సాస్. రాయి కదలదు, బావి తవ్వే యంత్రం రిగ్ కదులుతుంది. కాబట్టి "వెళ్ళిపోతాయి" అన్న మాటలో కొంత నిజముంది. ఎంత అన్నదే ప్రశ్న. టెక్సాస్ రాష్ట్ర పన్ను ఆయిల్ మీద 4.6%, గ్యాస్ మీద 7.5%. ఇది చూపించి ఓక్లహోమా ఖరీదు అంటారు. కానీ టెక్సాస్‌లో భూమిలో ఉన్న నిల్వల విలువ మీద స్థానిక ఆస్తిపన్ను అదనంగా ఉంది, అది చాలావరకు స్కూళ్ళకే. ఓక్లహోమాలో ఆ పన్ను లేదని మొదట్లోనే చెప్పాను. నార్త్ డకోటాలో ఉత్పత్తి, వెలికితీత పన్నులు కలిపి 10%. అయినా అక్కడ తవ్వారు. ఎందుకంటే బాకెన్ అనే చమురు రాతిపొర అక్కడుంది.

మూడు శాతం తేడా కంపెనీకి నిజంగా ఎంత? 60 డాలర్ల బ్యారెల్‌లో భూమి హక్కుదారుకు రాయల్టీ 3/16 వంతు, అంటే 18.75% పోతే కంపెనీకి 48.75 మిగులుతుంది. తవ్వకం, నడిపే ఖర్చు బ్యారెల్‌కు 42 అనుకుందాం. 2% పన్నుతో లాభం 5.78, 5%తో 4.31. నాలుగో వంతు ఎగిరిపోయింది! అదే ధర 80 అయితే 21.70 నుంచి 19.75కి, అంటే 9% తగ్గుదల. అమ్మకం మీద పన్నుకున్న గుణం ఇదే: ధర బాగున్నప్పుడు చీమ కుట్టినట్టు, ధర పడినప్పుడు తేలు కుట్టినట్టు ఉంటుంది. కాబట్టి అంచున ఉన్న బావులు కొన్ని ఆగుతాయి. మంచి బావులు ఆగవు. పన్ను పెంచాలనేవాళ్ళు ఈ మొదటి సగాన్నీ, వద్దనేవాళ్ళు రెండో సగాన్నీ దాచేస్తారు. ఇక్కడే ఇంకో మాట: రాయల్టీ అందుకునే రైతు కూడా తన వాటా మీద జీపీటీ కడతాడు. పల్లెల నుంచి ఎన్నికైన సభ్యులు ఈ ఓటుకు వెనకాడటంలో అదీ ఒక కారణం.

2018లో ఓక్లహోమాలో వందకు పైగా రిగ్గులు తిరిగేవి. 2020 వేసవికి పది దగ్గరకు వచ్చాయి. "చూశారా, పన్ను దెబ్బ" అని దీన్ని చూపిస్తారు. ఆ మధ్యలో పక్కపక్కనే తవ్విన బావులు ఒకదాని ఒత్తిడిని ఒకటి తినేసి అనుకున్నంత ఇవ్వలేదు, పెట్టుబడిదారులు చేతులు ముడుచుకున్నారు, 2020 ఏప్రిల్ 20న ముడిచమురు ధర మైనస్ 37.63 డాలర్లకు పడింది. వీటన్నిటి మధ్య 3% పన్ను పాత్రను వేరుచేసి చూపడం ఎవరివల్లా కాదు. చూపానన్నవాళ్ళను నమ్మొద్దు.

ఆ ఏప్రిల్ నెలే మొదటి ప్రశ్నకు జవాబు. జీతం ప్రతి నెలా, ప్రతి ఏటా ఇవ్వాలి. ఆయిల్ ఆదాయం అలా రాదు. రాష్ట్రం ఆ నెలలో ఆదాయ వైఫల్యం (రాబడి అంచనాను అందుకోలేదని) ప్రకటించి రిజర్వు నిధి తీయాల్సొచ్చింది. 2016లో పెట్టిన ఒక చట్టం ప్రకారం జీపీటీ అయిదేళ్ళ సగటును మించి వస్తే ఆ మిగులు స్థిరీకరణ నిధికి వెళ్తుంది. ఇది సరైన దారి. న్యూ మెక్సికో ఇంకాస్త ముందుకెళ్ళింది. అక్కడ "ఎమర్జెన్సీ స్కూల్ టాక్స్" అనే పన్ను ఉంది, ఆయిల్ మీద 3.15%, గ్యాస్ మీద 4%. పేరులో స్కూలున్నా డబ్బు సాధారణ ఖాతాకే, నవ్వొస్తుంది. కానీ ఆ రాష్ట్రం స్కూళ్ళకు నిజంగా ఆసరా ఇచ్చేది భూముల శాశ్వత నిధి. అందులోంచి ఏటా తీసే వాటాను 2022లో ఓటుతో 1.25 శాతం పాయింట్లు పెంచుకున్నారు, చిన్నపిల్లల చదువుకు, బడులకు కలిపి. ఏటా నిధిలో చిన్న వాటా మాత్రమే ఖర్చవుతుంది. నార్త్ డకోటా కూడా 2010 ఓటుతో ఆయిల్ పన్నులో 30% లెగసీ ఫండ్ అనే పొదుపు నిధిలో వేస్తోంది.

నా మట్టుకు 36 నెలల రాయితీ పూర్తిగా ఎత్తేసి 7% ఒకే రేటు పెట్టడం సబబు. అంచు బావులను కాపాడాలంటే ధర ఫలానా అంకె కిందకు పడితేనే రేటు తగ్గేలా రాయొచ్చు, కొత్త బావి అన్న ఒక్క కారణానికి తగ్గించనక్కర్లేదు. కానీ అదనంగా వచ్చేదాంట్లో సగానికి మించి జీతాలకు ముడిపెట్టకూడదు. మిగతాది శాశ్వత నిధికో, భవనాలు, బస్సుల లాంటి ఒకసారి ఖర్చులకో పోవాలి. టీచర్ల జీతానికి నిలకడైన ఆధారం ఆదాయపు పన్ను, అమ్మకపు పన్నే. కొరత అన్నది కూడా జీతం ఒక్కదానితో తీరేది కాదు. 2008 నుంచి 2018 మధ్య ద్రవ్యోల్బణం లెక్కేస్తే విద్యార్థికి రాష్ట్రం ఇచ్చే ఫార్ములా నిధి 28% తగ్గింది. రాష్ట్రంలోని అయిదు వందల పైచిలుకు డిస్ట్రిక్టుల్లో దాదాపు అయిదో వంతు వారానికి నాలుగు రోజుల బడికి దిగింది అప్పుడే.

ఈసారి ఇలాంటి బిల్లు మీ ముందుకొస్తే శీర్షిక వదిలేసి నాలుగు చోట్ల వేలు పెట్టి చదవండి. రేటు ఎన్ని నెలలకు వర్తిస్తుంది. పంపకం సెక్షన్‌లో ఏ ఖాతాకు ఎంత శాతం, దాన్ని రేటుతో గుణించి పాతదానితో పోల్చుకోండి. స్థానిక వాటా చార్జబుల్స్‌లో ఉంటుందా, ఉండదా. "ఇది పాత నిధులకు అదనం" అని రాస్తే, పాతది అంటే ఏ ఏడాది అంకె, దాన్ని ఎవరు లెక్కగట్టి ధ్రువీకరిస్తారు. 2004లో విద్యా లాటరీ పెట్టినప్పుడూ ఆ వాక్యం రాశారు, అయినా లాటరీ వచ్చి తమ బడికి ఏమొచ్చిందని తల్లిదండ్రులు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. ఓటు సంఖ్య కూడా చూడండి: హౌస్‌లో 75 దగ్గర ఆగితే ఆ పన్ను చట్టం కాలేదు, మళ్ళీ ప్రజల ఓటుకే వెళ్ళాలి.